మార్పు ఉంటేనే నోరు విప్పే కెమెరా

1991 మే నెల 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక అట్ట మీద ఒక పిల్లి ఉంది. బొమ్మ ఏమంత బాగుండదు. మసకమసకగా ఉంటుంది. పిల్లి మొహమని ఆకారాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే తప్ప, మీసాలూ బొచ్చూ సరిగా తేలవు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళకు తిరిగే మామూలు ఫొటోగ్రాఫర్ చేతిలో కెమెరా అయినా అంతకంటే ఎన్నో రెట్లు మంచి బొమ్మ తీసేది. అయినా దాన్ని ఏరి కోరి అట్ట మీద వేశారంటే, బొమ్మను చూసి కాదు, దాన్ని తీసిన వస్తువును చూసి. అదొక సిలికాన్ చిప్. సుమారు 2,500 పిక్సెళ్ళుంటాయి. పేరు సిలికాన్ రెటీనా. లోపలి వ్యాసం రాసినవాళ్ళు కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మిషా మహోవాల్డ్. అప్పటికి ఆమెకు పీహెచ్‌డీ పట్టా ఇంకా చేతికి రాలేదు.

తమ మీదికి విసిరిన బంతిని గాల్లోనే చూసి పక్కకు తప్పుకునే డ్రోన్లు ఇప్పుడున్నాయి. వాటి కళ్ళు ఆ పిల్లిని చూసిన చిప్ వంశంలోవే. అయితే తాత రూపురేఖలు మనవడిలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఎందుకు మిగల్లేదన్నదే ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంగతి.

ముందు మామూలు కెమెరా సంగతి చూద్దాం. అది లోకాన్ని ఫ్రేములుగా కోస్తుంది. సెకనుకు 24, 25, 30, ఎంతయితే అంత. ఎదుట గుర్రం పరిగెడుతున్నా, ఖాళీ గోడ ఉన్నా దానికి ఒకటే. ఇది సినిమా రీలు నుంచి వచ్చిన అలవాటు. రీలు సమానమైన వేగంతో తిరగాలి కాబట్టి బొమ్మలు సమానమైన ఎడంతో పడాలి. తమాషా ఏమిటంటే, సినిమాకు ముత్తాత లాంటి ప్రయోగం ఇలా జరగలేదు. 1878లో పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీసినప్పుడు కెమెరాలను వరసగా నిలబెట్టి, గుర్రం వచ్చే దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం కాలు దారానికి తగిలినప్పుడల్లా ఆ కెమెరా షట్టర్ పడేది. అంటే బొమ్మ ఎప్పుడు తీయాలో గడియారం చెప్పలేదు, గుర్రమే చెప్పింది. ఆ తర్వాత రీలు వచ్చింది, రీలు వెనక టీవీ వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ కనిపెట్టాక, రీలు పోయినా రీలు అలవాటు మాత్రం సిలికాన్‌లోకి దిగిపోయింది.

క్లాసులో టీచర్ ప్రతి క్షణం మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా హాజరు పిలుస్తూనే ఉంటే ఎలా ఉంటుందో ఫ్రేమ్ కెమెరా అలా ఉంటుంది. అందరూ 'ప్రెజెంట్ సార్' అంటూనే ఉంటారు, పాఠం సాగదు. పైగా ఒక పిలుపుకీ ఇంకో పిలుపుకీ మధ్య ఎవరైనా కిటికీ దూకి వెళ్ళిపోతే టీచర్‌కు తెలియదు. అంకెల్లో చెప్పాలంటే, సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ నడుమ 33 మిల్లీసెకన్లు గడుస్తాయి. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే బంతి ఆలోగా 33 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. రోబోకు ఆ జానెడున్నర దూరం చాలా ఎక్కువ. ఫ్రేముల వేగం పెంచితే పోదా అంటే, డేటా కుప్పలు పడుతుంది. దాన్ని నమలడానికి పెద్ద ప్రాసెసర్ కావాలి, దానికి పెద్ద బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీని మోయలేక డ్రోన్ చతికిలపడుతుంది.

కన్ను ఇలా పనిచేయదని శరీరశాస్త్రం వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. 1938లోనే కెఫర్ హార్ట్‌లైన్ కప్ప కంటి నరాల్లోంచి ఒక్కొక్క పోగునూ విడదీసి, అందులో నడిచే విద్యుత్ స్పందనలు విన్నాడు. కొన్ని పోగులు వెలుతురు పడినప్పుడు మాత్రమే గట్టిగా పలుకుతాయి. కొన్ని వెలుతురు పోయినప్పుడు పలుకుతాయి. ఇంకొన్ని రెండుసార్లూ పలుకుతాయి. వెలుతురు నిలకడగా ఉంటే చాలావరకు ఊరుకుంటాయి. 1959లో ఎంఐటీలో జెరోమ్ లెట్విన్, హంబర్టో మాతురానా, వారెన్ మెకల్లక్, వాల్టర్ పిట్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. కప్ప కన్ను మెదడుకు బొమ్మ పంపడం లేదనీ, 'ఇక్కడ చిన్న నల్లటిదేదో కదిలింది' లాంటి కబుర్లు పంపుతోందనీ చూపించారు. చుట్టూ కావలసినన్ని పురుగులున్నా అవి కదలకపోతే కప్ప ఆకలితో చస్తుంది తప్ప వాటిని ముట్టదు. వానాకాలం వీధి దీపం కింద కూర్చున్న కప్పను కాసేపు గమనించినవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. మెదడుకు వెళ్ళేలోపే కంట్లోనే సగం పని అయిపోతోందన్నది ఇంజనీర్లకు కొత్త. మనిషి రెటీనాలో వెలుతురును పట్టే కణాలు 10 కోట్లకు పైనే ఉంటే, అక్కడి నుంచి మెదడుకు పోయే నరపు పోగులు సుమారు 10 లక్షలే.

ఈ సంగతులు జీవశాస్త్రం పుస్తకాల్లోంచి చిప్పుల్లోకి రావడానికి ఒక విచిత్రమైన స్నేహం కారణం. భౌతికశాస్త్రం వదిలి జీవశాస్త్రంలోకి వచ్చి 1969లో నోబెల్ అందుకున్న మాక్స్ డెల్‌బ్రూక్ కాల్‌టెక్‌లోనే ఉండేవాడు. ట్రాన్సిస్టర్ల మనిషి అయిన మీడ్‌ను నరకణాల పొరల వైపు లాగింది ఆయనే. నరకణం పొరలో వోల్టేజీ కొంచెం పెరిగితే దానిగుండా పారే కరెంటు గుణకారంలో పెరుగుతుంది. ట్రాన్సిస్టర్‌ను పూర్తిగా ఆన్ చేయకుండా, ఆన్ అయ్యీ అవని స్థితిలో వదిలేస్తే అందులో కారే కరెంటు కూడా సరిగ్గా అలాగే నడుస్తుంది. మిగతా ఇంజనీర్లు దాన్ని లీకేజీ అని విసుక్కుంటూ ఎలా తగ్గించాలా అని చూస్తుంటే, మీడ్‌కు అందులో నరకణం కనబడింది. డిజిటల్ చిప్పుల రూపకల్పనకు పాఠ్యపుస్తకం రాసిన మనిషి, 'మూర్ సూత్రం' అన్న పేరును ప్రచారంలో పెట్టిన మనిషి, ఒకటీ సున్నాల లెక్క పక్కనబెట్టి ఇటు తిరిగాడు. 1980ల మొదట్లో రిచర్డ్ ఫైన్‌మన్, జాన్ హాప్‌ఫీల్డ్‌లతో కలిసి గణనకూ భౌతికశాస్త్రానికీ ఉన్న సంబంధం మీద కోర్సు నడిపాడు. 'న్యూరోమార్ఫిక్' అన్న మాట ఆయన చలవే.

మహోవాల్డ్ కాల్‌టెక్‌లోనే జీవశాస్త్రం చదివి మీడ్ ల్యాబ్‌కు వచ్చింది. ఇంజనీర్ల గుంపులో రెటీనాను రెటీనాగా తెలిసిన మనిషి ఆమె. ఆమె పద్ధతి సూటిగా ఉంది: రెటీనాలో ఏ కణం ఏం చేస్తుందో, చిప్పులో దానికి బదులు ఒక సర్క్యూట్ ఉండాలి. వెలుతురు పట్టే కణానికి బదులు ఫొటోట్రాన్సిస్టర్. చుట్టుపక్కల వెలుతురు సగటు చూసే అడ్డకణాలకు బదులు చిప్పంతా అల్లిన నిరోధాల వల. ఈ రెండిటి తేడా తీసే కణానికి బదులు ఒక యాంప్లిఫయర్. ఒక పిక్సెల్ తన చుట్టుపక్కల సగటు కంటే వెలుగ్గా ఉందా, చీకటిగా ఉందా అన్నదే బయటికి వస్తుంది. చిప్పు ముందు చెయ్యి ఊపితే అంచులు మెరుస్తాయి. చెయ్యి ఆపితే బొమ్మ మెల్లగా వెలిసిపోతుంది. మన కంటి భ్రమలు కొన్ని ఆ చిప్పుకూ కలిగాయి. ఒకే బూడిదరంగు గళ్ళు నల్లని నేల మీద లేతగా, తెల్లని నేల మీద ముదురుగా దానికీ కనిపించాయి. ఇంత గట్టి సాక్ష్యం ఉంటే పత్రిక అట్ట ఎక్కడంలో వింత లేదు.

కాని దీన్ని పట్టుకెళ్ళి ఏ రోబోకూ తగిలించలేకపోయారు. అడ్డం పడ్డవి రెండు.

మొదటిది తీగలు. కంట్లో ఒక్కో నరకణానికీ సొంత తీగ ఉంటుంది. చిప్పుకు బయటికి వచ్చే కాళ్ళు పదుల్లో ఉంటాయి, పిక్సెళ్ళు వేలల్లో ఉంటాయి. దీనికి మహోవాల్డ్ కనిపెట్టిన ఉపాయం ఆమె రెటీనా కంటే ఎక్కువ కాలం బతికింది. అదే ల్యాబ్‌లో మాసిమో సివిలోటీ కూడా ఇదే దారిలో పనిచేశాడు. నరకణం నెమ్మది, మిల్లీసెకన్లలో పలుకుతుంది. సిలికాన్ తీగ అంతకు ఎన్నో లక్షల రెట్లు వేగం. అలాంటప్పుడు అందరికీ కలిపి ఒకే దారి చాలదా? ఏ పిక్సెల్‌కు చెప్పవలసింది వస్తే అది ఆ ఉమ్మడి దారి మీదికి తన అడ్రస్ మాత్రం పంపుతుంది: ఫలానా వరస, ఫలానా గడి. ఇంకేమీ లేదు. ఎంత వెలుగు అన్న అంకె లేదు. ఎప్పుడు అన్నదీ రాయదు, అడ్రస్ వచ్చిన క్షణమే దాని టైము. ఇద్దరు ఒకేసారి వస్తే ఎవరిని ముందు వదలాలో తేల్చడానికి చిప్పు అంచున ఒక మధ్యవర్తి సర్క్యూట్ ఉంటుంది. రెండోవాడు ఆగేది మైక్రోసెకను లోపే కనుక ఎవరికీ నష్టం లేదు. 'అడ్రస్ ఈవెంట్' అన్న పేరు పడింది దానికి. ఈ రంగంలో పనిచేసే దాదాపు ప్రతి చిప్పూ ఈ రోజుకూ ఏదో ఒక రూపంలో ఆ పద్ధతిలోనే మాట్లాడుతోంది.

రెండోదాన్ని ఆమె జయించలేదు. ఒకే కొలతలతో గీసిన రెండు ట్రాన్సిస్టర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అచ్చంగా ఒకేలా ఉండవు. పూర్తిగా ఆన్ చేసి వాడితే ఆ తేడా పట్టింపులోకి రాదు. మీడ్ పద్ధతిలో లీకేజీ మీద నడిపితే, వోల్టేజీలో ఆవగింజంత తేడా కరెంటులో గుమ్మడికాయంత అవుతుంది. తెల్ల గోడను చూపించినా పక్కపక్క పిక్సెళ్ళు తలో మాటా చెబుతాయి. కంట్లో కణాలు తమ తేడాలను తామే సర్దుకుంటాయి. చిప్పుకు ఆ విద్య రాదు.

1992లో పీహెచ్‌డీ ముగించి మహోవాల్డ్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళింది. రాడ్నీ డగ్లస్‌తో కలిసి సిలికాన్ నరకణం మీద అంతకుముందే 'నేచర్' పత్రికలో రాసి ఉంది. డగ్లస్ బృందంతో పాటే జూరిక్ చేరింది. అక్కడ 1995లో న్యూరోఇన్ఫర్మాటిక్స్ సంస్థ మొదలయింది. 1996 డిసెంబరులో, 33 ఏళ్ళ వయసులో, ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. ఈ రంగంలో ఇచ్చే ఒక బహుమతికి ఇప్పుడు ఆమె పేరు పెట్టారు.

ఆమె తర్వాత దారి రెండుగా చీలింది. ఒక దారి ఇంకా నమ్మకంగా కంటిని దింపాలన్నది. మీడ్ శిష్యుల్లోనే ఘనా దేశం నుంచి వచ్చిన క్వబెనా బోహెన్, తన విద్యార్థి కారీం జఘ్లూల్‌తో కలిసి 2004లో ప్రకటించిన రెటీనా చిప్ పనితనానికి పరాకాష్ఠ. రెటీనాలోని అయిదు పొరల్లోని కణాలు, వాటి మధ్య అల్లికలు, బయటికి నాలుగు రకాల నరపు పోగుల భాషలు. శాస్త్రంగా చూస్తే దానికి దండం పెట్టాలి. కాని పిక్సెల్ నిండా అన్ని ట్రాన్సిస్టర్లు ఇరికించాక, వాటి తేడాలన్నీ కలిసి బొమ్మను పాడుచేశాయి. జఘ్లూల్ ఆ తర్వాత మెదడు శస్త్రచికిత్స వైపు వెళ్ళిపోయాడు.

రెండో దారి జూరిక్‌ది. అక్కడ యోర్గ్ క్రామర్ అనే పరిశోధకుడు 2002లో, వెలుగు పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రమే చెప్పే పిక్సెల్ ఒకటి ప్రకటించాడు. అదే ఏడాది కొండల్లో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. ఆ పనిని పాట్రిక్ లిష్ట్‌స్టైనర్ అనే విద్యార్థి అందుకున్నాడు. అతనికి దారి చూపినవాడు టోబి డెల్‌బ్రూక్. అవును, మాక్స్ డెల్‌బ్రూక్ కొడుకే. తండ్రి మీడ్‌ను జీవశాస్త్రంలోకి లాగితే, మీడ్ కొడుకును సర్క్యూట్లలోకి లాగాడు. బాకీ తీరినట్టే.

వీళ్ళు చేసింది కోత. రెటీనాలోని అడ్డకణాల వల వద్దు. చుట్టుపక్కల సగటు వద్దు. రంగు వద్దు, బూడిదరంగు ఛాయలు కూడా వద్దు. ఒక్కటే ఉంచుకున్నారు: ఈ పిక్సెల్ మీద వెలుగు, కిందటిసారి చెప్పినప్పటి కంటే మారిందా? అంతే.

ఆ పిక్సెల్ లోపలికి ఒకసారి తొంగి చూడాలి. మొదట వెలుగును కరెంటుగా, కరెంటును లాగరిథం వోల్టేజీగా మార్చే భాగం ఉంటుంది. లాగరిథం ఎందుకంటే, నీడలో ఉన్న తెల్లచొక్కా ఎండలోకి వచ్చినా, చొక్కాకూ దాని మీది మడతకూ మధ్య వెలుగు నిష్పత్తి మారదు. నిష్పత్తిని తేడాగా మార్చేది లాగరిథమే. దాని తర్వాత ఒక యాంప్లిఫయర్, దానికి రెండు కెపాసిటర్లు. ఇక్కడే ఉంది కిటుకు. కెపాసిటర్ నిలకడ వోల్టేజీని అడ్డగించి, మార్పును మాత్రమే ముందుకు పోనిస్తుంది. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పుట్టుమచ్చల్లాంటి తేడాలన్నీ అక్కడే ఆగిపోతాయి. మార్పును ఎన్ని రెట్లు పెంచాలన్నది రెండు కెపాసిటర్ల వైశాల్యాల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. చిప్పు ముద్రణలో వైశాల్యాలు ట్రాన్సిస్టర్ల కంటే ఎంతో నమ్మకంగా కుదురుతాయి. చివర్లో రెండు కంపారేటర్లు: మార్పు పైకి హద్దు దాటితే 'ఆన్' ఈవెంట్, కిందికి దాటితే 'ఆఫ్' ఈవెంట్. కబురు ఉమ్మడి దారి మీదికి వెళ్ళగానే పిక్సెల్ తన కొలతను చెరిపేసుకుని, ఇప్పటి వెలుగు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. పదిహేనేళ్ళు వేధించిన జబ్బుకు మందు రెండు కెపాసిటర్లు.

2008 ఫిబ్రవరిలో లిష్ట్‌స్టైనర్, క్రిస్టోఫ్ పోష్, డెల్‌బ్రూక్ ప్రకటించిన చిప్పులో 128 వరసలు, 128 గడులు, మొత్తం 16,384 పిక్సెళ్ళు. విద్యుత్తు 23 మిల్లీవాట్లు. స్పందన 15 మైక్రోసెకన్లు. అతి మసక వెలుగుకూ అతి తీక్షణమైన వెలుగుకూ మధ్య 120 డెసిబెళ్ళు, అంటే ఒకటికి పది లక్షల నిష్పత్తిలో పనిచేస్తుంది. మామూలు కెమెరా కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీస్తే మొహం నల్లబడడమో, కిటికీ తెల్లబడడమో మనందరికీ అనుభవమే. దీనికి ఆ బెడద లేదు.

డెల్‌బ్రూక్‌కు ప్రదర్శనల సరదా ఉంది. బల్ల మీద బొమ్మ ఫుట్‌బాల్ గోల్ పెట్టి, దాని ముందు ఒక చేతిని కాపలా ఉంచాడు. రేడియో కంట్రోల్ బొమ్మలకు వాడే మామూలు సర్వో మోటారు తిప్పే చెయ్యి అది. పైనుంచి ఈ కెమెరా చూస్తుంటుంది. వచ్చినవాళ్ళు బంతిని గోల్ వైపు కొడతారు. బంతి కదిలిన చోట పిక్సెళ్ళే పలుకుతాయి కనుక కంప్యూటర్‌కు బొమ్మంతా వెతుక్కునే పని లేదు. ఈవెంట్లు గుంపుగా ఎక్కడున్నాయో అక్కడే బంతి ఉన్నట్టు. రెండు మూడు బంతులు వస్తే ముందు ఏది చేరుతుందో లెక్కగట్టి దాని మీదికి వెళ్తుంది. తన చెయ్యి ఏ కోణంలో ఉంటే ఎక్కడుంటుందో కూడా తన చేతిని తానే ఊపి చూసుకుని నేర్చుకుంటుంది. 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం స్పందన 3 మిల్లీసెకన్లు, కంప్యూటర్ మీద పడిన భారం 4 శాతం. ఆ రెండో అంకె మొదటిదాని కంటే గొప్పదని నా అభిప్రాయం. వేగంగా చూడడం డబ్బున్న ల్యాబ్ ఏదైనా చేయగలదు. వేగంగా చూస్తూ కంప్యూటర్‌ను ఖాళీగా కూర్చోబెట్టడం వేరు. జూరిక్‌లోనే ఒక బృందం 2009లో ఇలాంటి రెండు కెమెరాలతో పెన్సిల్‌ను ముక్కు మీద నిలబెట్టి, కింద పీటను జరుపుతూ పడిపోకుండా ఆడించింది. 2020లో జూరిక్ విశ్వవిద్యాలయంలో డేవిడే స్కారాముజ్జా బృందం డ్రోన్ చేసి చూపించింది: అడ్డొచ్చే వస్తువును గుర్తించి, తప్పుకోమని ఆజ్ఞ ఇవ్వడానికి 3.5 మిల్లీసెకన్లు, సెకనుకు 10 మీటర్ల ఎదురువేగం దాకా.

ఇంత బాగుంటే మన జేబులోని ఫోన్లలో ఎందుకు లేదని అడగవచ్చు. ఒక కారణం చారిత్రకం. ఈ కెమెరా పెరుగుతున్న రోజుల్లోనే, 2012 తర్వాత, బొమ్మలను గుర్తించే లోతైన న్యూరల్ నెట్‌వర్కులు దూసుకొచ్చాయి. అవి ఫ్రేములు తిని పెరిగినవి. ఈవెంట్లు పెడితే వాటికి అరగదు. అందుకని చాలామంది ఈవెంట్లను కొన్ని మిల్లీసెకన్ల పాటు పోగేసి, ఫ్రేముగా అతికించి నెట్‌వర్కుకు పెడుతున్నారు. ఫ్రేమును వదిలించుకోవడానికి ఇరవై ఏళ్ళు కష్టపడి, చివర మళ్ళీ ఫ్రేమే చేసుకోవడం నవ్వు తెప్పించే విషయమే. దీనికి వేరే దారి చూపిన ప్రయత్నాల్లో ఐబీఎం వాళ్ళ ట్రూనార్త్ చిప్ ఒకటి. పది లక్షల నరకణాల నమూనాలున్న ఆ చిప్పును 2017లో ఈ కెమెరాకు తగిలించి, చేతి సైగలు గుర్తింపజేశారు. కన్నూ మెదడూ రెండూ ఈవెంట్లతోనే మాట్లాడుకున్నాయి. మొత్తం ఖర్చు 200 మిల్లీవాట్ల లోపు.

వ్యాపారమూ సాఫీగా సాగలేదు. పోష్ తదితరులు 2014లో పారిస్‌లో పెట్టిన కంపెనీ, ఇప్పుడు ప్రొఫెసీ అన్న పేరుతో ఉన్నది, సోనీతో చేయి కలిపి 2020లో 720 వరసల, 1280 గడుల సెన్సార్ ప్రకటించింది. పిక్సెల్ వెడల్పు 4.86 మైక్రాన్లు. 2008 నాటి పిక్సెల్ 40 మైక్రాన్లు. చిప్పు మీద చిప్పు పేర్చి, పైన వెలుగు పట్టే భాగం, కింద సర్క్యూట్ పెట్టడం వల్ల ఇది కుదిరింది. ఫ్యాక్టరీల్లో కంపించే యంత్రాలను గమనించడానికీ, కన్వేయర్ మీద పరిగెత్తే వస్తువులను లెక్కపెట్టడానికీ, అంతరిక్ష కేంద్రం నుంచి పిడుగులను చూడడానికీ ఇలాంటి సెన్సార్లు వెళ్ళాయి.

పిక్సెళ్ళు తొమ్మిది లక్షలు దాటేసరికి పాత సుగుణమే కొత్త తలనొప్పి అయింది. మారినదల్లా చెప్పు అంటే అది నిజంగానే మారినదల్లా చెబుతుంది. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ట్యూబ్‌లైటు 100 సార్లు వెలిగి ఆరుతుంది. మన కంటికి అది తెలియదు. ఈ కెమెరాకు మాత్రం ట్యూబ్‌లైటు కింద ఉన్న గోడంతా సెకనుకు వందసార్లు కేకలు పెడుతున్నట్టే. వాన పడితే ప్రతి చినుకూ ఒక కబురు. కెమెరానే కదిలితే ఎదుట ఉన్న అంచులన్నీ ఒక్కసారిగా పలుకుతాయి. చీకట్లో అయితే ఏమీ జరక్కపోయినా పిక్సెళ్ళు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉలిక్కిపడుతుంటాయి.

అందుకే సోనీ 2021లో మార్కెట్‌లోకి తెచ్చిన సెన్సార్‌లో ఈవెంట్లను చిప్పు దాటకముందే వడకట్టే ఏర్పాటు కూడా పెట్టారు. ఒకే లయలో వెలిగి ఆరే పిక్సెళ్ళను ట్యూబ్‌లైటు లెక్కలో వేసి ఆపేస్తుంది ఒక వడపోత. తోడు లేకుండా ఒంటరిగా పలికిన పిక్సెల్‌ను నమ్మకుండా వదిలేస్తుంది ఇంకొకటి. అన్నీ ఒక్కసారిగా పలికి దారి నిండిపోయేలా ఉంటే, సెకనుకు ఇన్ని ఈవెంట్లకు మించి వదలవద్దని గేటు వేస్తుంది మూడోది. ఆ గేటు ఎంత తెరవాలో సెన్సార్‌ను కొన్న ఇంజనీరు నిర్ణయించుకోవచ్చు.